ఆరు పలకల దూరం

అతను మొదటిసారి ఆ గదిలోకి వచ్చినప్పుడు చేతిలో ఓ తడి పుస్తకం ఉంది. దాన్ని నేరుగా తెచ్చి, ఆమె తొమ్మిది రోజులు కూర్చుని గీసిన మ్యాపు మీద పెట్టాడు.

"తీయండి," అంది ఆమె.

"ఏం తీయాలి?"

"ఆ పుస్తకం. మీరు పెట్టింది బల్ల మీద కాదు, మ్యాపు మీద."

అతను గబుక్కున పుస్తకం ఎత్తాడు. కింద నీలం ఇంకుతో సన్నగా గీసిన ఏరు వరదొచ్చినట్టు ఉబ్బి, రెండు ఊళ్ళని ముంచేసి, మూడో ఊరి పొలిమేర దాకా పాకింది.

"అయ్యో. మంచు మీద నుంచి తిన్నగా ఇటే వస్తున్నాను. సంచిలో ఎంత లోపల దాచినా తడుస్తుంది."

"మంచు మీద నుంచి వచ్చేవాళ్ళు గుమ్మంలో కాసేపు ఆరి లోపలికి రావచ్చు."

"ఎంతసేపు ఆరితే సరిపోతుందో చెప్పండి, నిలబడతాను."

నిజంగానే వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాడు. నేల తుడుస్తున్న ఆయమ్మ నవ్వు ఆపుకోలేక బకెట్టు తీసుకుని వరండాలోకి పోయింది.

అది కొలతల ఆఫీసు. కొండలనీ ఏళ్ళనీ రోడ్లనీ కొలిచి తెచ్చేవాళ్ళు కొందరు, ఆ అంకెల్ని గీతలుగా మార్చేవాళ్ళు కొందరు. ఆమె గీసే మనిషి. ఇంట్లో ఆమెని బొంగరం అంటారు. కూర్చున్న చోట పావుగంట కుదురుగా కూర్చోలేదు. పెన్సిలు చెక్కాలనో, నీళ్ళు తాగాలనో, ఊరికే కిటికీలోంచి వీధి చూడాలనో లేస్తుంది. అలాంటి పిల్ల వెంట్రుకంత సన్నటి గీతలు గీసి ఎలా బతుకుతోందో వాళ్ళ వదినకి ఇప్పటికీ అర్థం కాదు. ఆయమ్మది వాళ్ళ వీధే కాబట్టి ఆ పేరు ఆఫీసుకి కూడా వచ్చేసింది.

అతనిది మంచు కొలిచే పని. పై కొండల మధ్య లోయలో పడుకుని ఉన్న హిమానీనదం మీద పొడుగాటి గెడలు పాతి, ఏడాది తరవాత అవి ఎంత జరిగాయో చూసి వస్తాడు. మనిషి కూడా సన్నగా, పొడుగ్గా ఉంటాడు. అందుకని అందరూ గెడల సారు అనేవారు, ఎదురుగా ఉన్నప్పుడు సారు, లేనప్పుడు వట్టి గెడ. మంచు మీద పని చలికాలానికి ముందే ఆగిపోతుంది. మిగతా ఎనిమిది నెలలూ ఆఫీసులో కూర్చుని లెక్కలు కట్టాలి. పోయినేడు ఇంకో ఆఫీసులో కట్టాడు, ఈ ఏడు ఇక్కడికి వేశారు.

గది పొడుగాటిది. మధ్యలో ఓ లావు స్తంభం, దాని పక్కనే చలికాచుకునే ఇనప పొయ్యి. దూరంగా తూర్పు గోడకి ఒక్కటే పెద్ద కిటికీ. నేలంతా నలుచదరపు రాతి పలకలు. పొయ్యి దగ్గర వెచ్చగా ఉంటుందని అతని బల్ల స్తంభానికి ఆనించి వేశారు. ఆమె బల్ల అక్కడికి ఆరు పలకల దూరంలో, కిటికీ వైపు ఉంది.

"మంచు అంటే పడ్డచోట పడి ఉంటుంది కదా. నది ఎలా అవుతుంది?" అని మొదటి వారంలోనే అడిగింది. మ్యాపు పాడుచేసిన కోపం అప్పటికి ఇంకా సగం ఉంది.

"ఓపికుంటే చెప్తాను."

"లేదు. త్వరగా చెప్పండి."

"త్వరగా అయ్యే పని కాదండీ అది. ఎండాకాలంలో కరక్కుండా మిగిలిన మంచు మీద మరుసటి ఏడాది మంచు పడుతుంది. దాని మీద ఇంకో ఏడాదిది. పై బరువుకి కిందది నలిగిపోతుంది. దూదిలా ఉన్నది పంచదార పలుకుల్లా అవుతుంది. ఆ పలుకుల మధ్య ఉన్న గాలి నెమ్మదిగా బయటికి పోతుంది. అన్నీ అతుక్కుని ఆఖరికి నీలం గాజులా గట్టిపడతాయి."

"ఎన్నాళ్ళకి?"

"చోటుని బట్టి. మా నదిలో అయితే పాతిక ముప్ఫై ఏళ్ళు. మరీ చలి దేశాల్లో వందల ఏళ్ళు."

ఆమె అప్పటికే లేచి పెన్సిలు చెక్కుతోంది. "తరవాత?"

"ఓ ముప్ఫై, యాభై మీటర్ల మందం పట్టాక ఇక ఉన్నచోట ఉండలేదు. తన బరువు తనే మోయలేక పల్లానికి జరగడం మొదలుపెడుతుంది. మధ్యలో ఎక్కువ, ఒడ్డుల దగ్గర రాపిడి కాబట్టి తక్కువ. అడుగున కాస్త నీరు చేరితే ఇంకొంచెం జారుతుంది. కదిలితేనే అది నది. కదలకపోతే వట్టి మంచుగడ్డ."

"మీ నది ఎంత మందం?"

"మధ్యలో నూట ఎనభై మీటర్లు. అది చిన్నదే. భూమి దక్షిణపు కొసన మంచు కొన్నిచోట్ల నాలుగు కిలోమీటర్లు దాటుతుంది."

"మా వదిన దుప్పట్ల బీరువా చూడలేదు మీరు. అంత లోతు ఎలా కొలుస్తారు, తవ్వుతారా?"

"పైనుంచి రేడియో తరంగం పంపిస్తాం. అడుగున రాతిని తాకి వెనక్కొస్తుంది. ఎంతసేపటికి వచ్చిందో చూస్తే లోతు తెలుస్తుంది."

"అంటే పిలిచి, పలికేదాకా కూర్చోవడం."

"అంతే."

"మనుషుల్ని కూడా అలాగే కొలుస్తారా?"

అతను తల వంచుకుని పుస్తకం తిరగేశాడు. "మనుషుల్ని పిలవడమే రాదు నాకు," అన్నాడు.

ఆ మిగిలిన సగం కోపం ఆ మాటతో పోయింది. పోయి ఊరుకోలేదు, దాని చోట్లో ఇంకేదో వచ్చి కూర్చుంది.

చలికాలం ముదిరింది. పొద్దు కుదించుకుపోతుంటే ఆమె వెలుతురు కోసం వారానికోసారి బల్లని కిటికీ వైపు లాక్కునేది. "ఈ గదిలో బల్లలకి కాళ్ళొచ్చాయి. నిన్న తుడిచిన చోటు ఇవాళ దొరకదు," అని ఆయమ్మ సణిగేది. అతను మాత్రం గదిలో కూడా కోటు విప్పేవాడు కాదు. మంచు మీద బతికే మనిషికి ఇంత చలేమిటో, విడ్డూరం కాకపోతే, అనుకునేది ఆమె.

మాటలకి మాత్రం కరువు లేదు. ఆమె చురక అంటించేది, అతను నిదానంగా ఆలోచించి ఏ అరగంటకో జవాబు చెప్పేవాడు. అప్పటికి ఆమె ఏం అడిగిందో ఆమే మర్చిపోయేది. కానీ మాటలు అక్కడే ఆగేవి. టీ తాగేటప్పుడు ఇద్దరి బల్లల మధ్యా ఎన్ని పలకలున్నాయో లెక్కపెట్టడం ఆమెకి అలవాటైంది. ఆరు. ఒక్కోసారి ఐదున్నర ఉండేది. ఆయమ్మ తుడుస్తూ నెట్టి ఉంటుంది. మళ్ళీ చూస్తే ఆరే.

ఎనిమిది నెలలకి కూడా ఆరే.

*

"నీకు కాలు నిలవదు, అతనికి కాలు కదలదు. బాగుంది జోడీ," అంది వదిన, బట్టలు మడతపెడుతూ.

"జోడీ అని ఎవరన్నారు?"

"నువ్వే. వచ్చిన దగ్గర్నుంచీ ఆ గెడ గురించి తప్ప ఇంకో మాట లేదు. మంచు ఇలా నలుగుతుంది, గాలి అలా పోతుంది. మీ అన్నయ్య కూడా కొత్తలో గడియారాల గురించి చెప్పేవారు, కానీ నావంక చూసి చెప్పేవారు."

పక్కగదిలో గడియారం విప్పుకుని కూర్చున్న అన్నయ్య దగ్గాడు.

ఆమె చేతిసంచిలో ఓ ఉత్తరం ఉంది. సముద్రం ఒడ్డున ఉన్న పెద్ద ఆఫీసుకి బదిలీ, రైల్లో మూడు రోజుల ప్రయాణం. వెళ్తుందో లేదో శుక్రవారం నాలుగు గంటల్లోగా రాసివ్వాలి.

"వెళ్తావా?" అని అడిగింది వదిన, ఈసారి వేళాకోళం లేకుండా.

"అతన్ని కూడా పంపించేస్తున్నారు వదినా. నది కదలట్లేదట. పోయినేడు గెడలు ఎక్కడ పాతాడో ఈ ఏడు కూడా అక్కడే ఉన్నాయి. కదలని మంచుకి కాపలా దేనికని పైన మంచు దగ్గర అతనుండే గుడిసె మూసేస్తారట. అతన్ని మూడేళ్ళపాటు ఉత్తరాన ఎక్కడికో. శుక్రవారం ఆ లెక్కలన్నీ పెద్ద ఆఫీసరుకి ఇస్తాడు."

"ఉండమని అడిగాడా నిన్ను?"

"ఒక్క మాట అంటే ఉంటాను. అనకపోతే ఆ గదిలో ఆ ఖాళీ బల్ల చూస్తూ కూర్చోవడం నావల్ల కాదు. నేనూ పోతాను."

"నువ్వే అడగొచ్చుగా."

"ఎనిమిది నెలలు పక్కన కూర్చున్నాను. ఇంకేం అడగాలి?"

వదిన మడతపెట్టిన దుప్పటిని విప్పి, మళ్ళీ మడతపెట్టింది. ఆమెకి ఏం చెప్పాలో తెలియనప్పుడు చేసే పని అది.

*

బుధవారం ఉదయం అతను తన అంకెల కాయితాలు తెచ్చి ఆమె బల్ల మీద పెట్టాడు, ముందు తడి ఉందేమో తుడిచి మరీ. రెండు బొమ్మలు కావాలి. ఒకటి గెడలు ఉన్న చోట్లు చూపించేది. రెండోది నదిని కేకులా అడ్డంగా కోస్తే ఎక్కడెంత మందం ఉందో కనిపించే అడ్డుకోత బొమ్మ.

నది మధ్యలో ఇల్లంత నల్లరాయి ఒకటి మంచు పైకి లేచి ఉంది. అడుగున ఉన్న కొండ తలే అలా బయటికి వచ్చిందని, అతనికన్నా ముందు పనిచేసిన పెద్దాయన దాని మీద రంగుతో గుర్తు పెట్టి వెళ్ళాడు. ఆ రాయి దగ్గర నుంచి అవతలి ఒడ్డు దాకా ఆరు గెడలు వరసగా పాతారు. కొలతలన్నీ ఆ రాయి నుంచే.

ఆమె గీస్తూ గీస్తూ ఆగింది. "మొదటి నాలుగు గెడలూ జరగలేదు. ఒడ్డు దగ్గరి రెండూ జరిగాయి. ఒకటి ఆరు మీటర్లు, ఒకటి పన్నెండు. కానీ ఎగువకి జరిగాయి."

"అవి వదిలేయండి. ఒడ్డున మంచు కరిగి గెడలు పడిపోయాయి. తిరిగి పాతినప్పుడు తేడా వచ్చి ఉంటుంది."

"మంచు ఎదురెక్కుతుందా?"

"ఎక్కదు. అందుకే వదిలేయమంటున్నాను."

ఆమె పెదవి కొరుక్కుని రెండో బొమ్మ మొదలుపెట్టింది. అడుగు గీత గీసింది, పైగీత గీసింది. మధ్యలో రాయి దగ్గరికి వచ్చేసరికి పెన్సిలు కదల్లేదు. రెండుసార్లు గీసి రెండుసార్లు చెరిపింది. రబ్బరు పొడి ఊది, మూడోసారి అంకెలు ఎలా ఉన్నాయో అలాగే గీసేసి, కాయితం తీసుకుని అతని బల్ల దగ్గరికి నడిచింది.

"ఇది చూడండి."

చూశాడు. నది అడుగు నుంచి సన్నగా, నిటారుగా, నూట ఎనభై మీటర్ల ఎత్తున ఓ పుల్ల లేచి, మంచు పైకి తల పెట్టి చూస్తోంది.

"ఇదేమిటి?"

"మీ రాయి. మీ కొండ తల."

"కొండ పెన్సిల్లా ఉందేమిటండీ?"

"మీ అంకెలు అలా ఉన్నాయి. కొండ తలైతే దాని దగ్గరికి వచ్చేకొద్దీ మంచు పల్చబడాలి. మీరు రాయికి ఇటు పక్కన నూట ఎనభై రాశారు, అటు పక్కన నూట డెబ్బై ఎనిమిది. అంత లోతు నుంచి ఇలా పెన్సిలు నిలబెట్టినట్టు కొండ లేస్తుందా?"

అతని మొహం ఎర్రబడింది. ఎనిమిది నెలల్లో మొదటిసారి వెంటనే జవాబిచ్చాడు.

"గీసేది మీరు, కొలిచేది నేను. రాయి దగ్గర రాడార్ తిక్క తిక్కగా పలుకుతుంది. పల్చగా గీసెయ్యండి, సరిపోతుంది."

"లేని అంకె నేను గీయను."

"ఎల్లుండి ఇవ్వాలి ఇది."

"ఇచ్చేసి ఉత్తరాదికి వెళ్ళిపోతారా?"

"పంపిస్తే వెళ్ళాలి కదా."

ఎంత నిదానంగా అన్నాడో. ఆమెకి ఒళ్ళు మండింది. ఆ పెన్సిలు కొండని అతని ముందే వదిలేసి వచ్చి కూర్చుంది. కూర్చోలేక లేచింది. లేచి వెళ్ళడానికి చోటు లేక మళ్ళీ కూర్చుంది.

*

గురువారం అతని బల్ల ఖాళీగా ఉంది. కోటు లేదు, పెన్సిలు కొండ కూడా లేదు.

బయట వాన. కిటికీ అద్దం మీద చినుకులు ఒకదాన్నొకటి తోసుకుంటూ దిగుతున్నాయి. ఆమె పదకొండు పెన్సిళ్ళు చెక్కింది. అందులో నాలుగు చెక్కక్కర్లేనివి. స్కేలు తుడిచింది. నీళ్ళ కూజా దగ్గరికి ఐదుసార్లు వెళ్ళి మూడుసార్లు నీళ్ళు తాగకుండానే వచ్చింది.

"కాలుగాలిన పిల్లిలా ఆ తిరుగుడేమిటమ్మా, తుడిచిందంతా తొక్కేస్తున్నావు," అంది ఆయమ్మ.

"ఆయన రాలేదా ఇవాళ?"

"ఆయనెవరు?"

"ఆయమ్మా."

"కింద పాత కాయితాల గదిలో ఉన్నాడు, పొద్దుటినుంచీ. ఫొటోలు ముందేసుకుని కూర్చున్నాడు. టీ ఇస్తే చల్లారబెట్టి అలాగే పంపించాడు. ఏం చేశావు తల్లీ ఆ మనిషిని?"

ఏం చేసింది? పరువు తీసింది. రెండేళ్ళు మంచు మీద బతికి తెచ్చిన అంకెల్ని వేళాకోళంగా బొమ్మ గీసి మొహాన పెట్టింది. నెమ్మదిగా చెప్పొచ్చు. కానీ నెమ్మదిగా ఏ పని చేసింది గనక తను?

మెట్ల దాకా వెళ్ళింది. రెండు మెట్లు దిగి వెనక్కి వచ్చింది. కాసేపాగి మళ్ళీ వెళ్ళింది. కాయితాల గది తలుపు సందులోంచి అతని వీపు కనిపించింది. వీపుని చూస్తే కోపంగా ఉన్నాడో లేదో తెలియదు. తిరిగి వచ్చేసింది.

బదిలీ ఉత్తరం తీసి, కింద 'సమ్మతమే' అని పెన్సిలుతో రాసుకుంది. ఇంకు పెట్టలేదు.

*

శుక్రవారం ఆమె వచ్చేసరికి అతను ఆమె బల్ల పక్కనే నిలబడి ఉన్నాడు. కళ్ళ కింద నల్లటి చారలు.

"ఓ చిన్న పని చేసిపెట్టాలి. ఈ ఫొటో పోయినేటిది. ఇది ఈ ఏటిది. రెండూ ఆ రాయి మీద కెమెరా పెట్టి, గెడల వరస వైపు తీసినవే. పల్చటి కాయితం వేసి రెండిటినీ గీయండి."

ఆమె పల్చటి కాయితం పరిచి గీసింది. గెడలు, వాటి వెనక అవతలి కొండ, కొండ మీద తెల్లటి రాతిచార. అయ్యాక అతను ఒక కాయితం మీద ఇంకోటి పెట్టి, కిటికీ అద్దానికి ఆనించాడు.

దగ్గరి గెడలు నాలుగూ ఒకదాని మీద ఒకటి అతికినట్టు సరిపోయాయి. వెనక తెల్లచార మాత్రం బొటనవేలంత పక్కకి పోయింది.

"కొండ జరిగింది," అంది ఆమె.

"కొండలు జరగవు." అతను కాయితాల వంకే చూస్తున్నాడు. "అది కొండ తల కాదు. ఎప్పుడో పై నుంచి దొర్లి మంచు మీద పడ్డ బండ. మంచు దాన్ని మోసుకుపోతోంది. నేను నడుస్తున్న బండ మీద కూర్చుని, పక్కనే నడుస్తున్న గెడల్ని చూసి, ఏవీ కదలట్లేదని రాసుకున్నాను. ఒడ్డు దగ్గరివి మెల్లగా నడుస్తాయి కాబట్టి అవి వెనక్కి పోతున్నట్టు కనిపించాయి. చారని బట్టి చూస్తే ఏడాదికి పంతొమ్మిది మీటర్లు వస్తోంది. నది బ్రహ్మాండంగా కదులుతోంది. నాకే తెలియలేదు."

ఆమె గొంతు తగ్గించింది. "పెద్ద ఆఫీసరుకి రాయి సంగతి చెప్పక్కర్లేదు. అంకెలు అనుమానంగా ఉన్నాయి, మళ్ళీ కొలవాలి అనండి చాలు. బొమ్మ నేను తిరిగి గీసిస్తాను."

"చెప్పకపోతే నా తరవాత వచ్చేవాడు కూడా ఆ రాయి మీదే కూర్చుంటాడు."

"తిడతారు."

"తిట్టనివ్వండి." వెళ్తూ వెళ్తూ ఆగాడు. "మీ పెన్సిలు కొండ కూడా పట్టుకెళ్తున్నాను. పుణ్యం మీదే అని చెప్పాలి కదా."

రెండింటికి లోపలికి వెళ్ళాడు. రెండున్నర అయింది. మూడైంది. పెద్ద ఆఫీసరు గొంతు తలుపు దాటి రెండుసార్లు వినిపించింది. ఆమె గీస్తున్న రోడ్డు మలుపు మూడుసార్లు వంకరపోయింది. మూడుంబావు. నాలుగింటికి ఉత్తరం ఇవ్వాలి. మూడున్నర.

తలుపు తెరుచుకుంది. అతని చెవులు ఎర్రగా కంది ఉన్నాయి.

"ఏమన్నారు?"

"రాయికున్నపాటి కదలిక నా బుర్రకి లేదన్నారు."

"గుడిసె?"

"మూయరు. ఒడ్డున అసలు కొండకి మేకు కొట్టి, అక్కడినుంచి ఏడాదంతా మళ్ళీ కొలవమన్నారు."

ఆమెకి ఊపిరి తేలికపడింది. అతను ఇక్కడే ఉంటాడు. ఇక అనాల్సిన మాట అంటాడు. అతను తన బల్ల దగ్గరికి వెళ్ళి, కాయితాలు సర్దుకుని, కోటు గుండీలు పెట్టుకుని, అప్పుడు అన్నాడు.

"మీకు బదిలీ వచ్చిందట. ఆయమ్మ చెప్పింది. మంచిదే. సముద్రం ఒడ్డున వెలుతురు బాగుంటుంది. మీకు వెలుతురు కావాలి కదా."

అంతే.

ఆమె ఇంకు సీసా మూత తీసింది. 'సమ్మతమే' మీద నెమ్మదిగా, అక్షరం అక్షరం దిద్దడం మొదలుపెట్టింది. మొదటి అక్షరం పూర్తయ్యేసరికి బకెట్టు చప్పుడుతో ఆయమ్మ వచ్చింది.

"వెళ్ళేవాళ్ళు వెళ్ళేముందు ఈ బల్లల్ని ఉన్నచోట పెట్టి వెళ్ళండి. ఒకప్పుడు సారు బల్లకీ స్తంభానికీ మధ్య చీపురు కూడా పట్టేది కాదు. ఇప్పుడు ఆ మధ్యలో తొమ్మిది పలకలు తుడుస్తున్నాను. నడుం పడిపోతోంది."

కలం ఆగింది.

"ఎన్ని?"

"తొమ్మిది. తుడిచేదాన్ని నాకు తెలీదా?"

ఆమె మొదటిసారి రెండు బల్లల మధ్య కాకుండా, అవతలికి చూసింది. స్తంభం ఎక్కడో దూరంగా ఉంది. ఇనప పొయ్యి ఇంకా అవతల, ఎవరూ లేకుండా ఒంటరిగా ఎర్రగా వెలుగుతోంది. అక్కడినుంచి అతని బల్ల దాకా పలకల మీద నాలుగు కాళ్ళ గీతలు, సన్నగా, తిన్నగా, గదంతా ఈడ్చుకుంటూ వచ్చాయి.

ఆమె పొడుగు స్కేలు తీసుకుని స్తంభం దగ్గరికి వెళ్ళింది.

"ఏం చేస్తున్నారు?" అన్నాడతను. గొంతులో కంగారు.

"కదలని చోటి నుంచి కొలుస్తున్నాను." ఒక్కో పలకా లెక్కపెడుతూ అతని బల్ల దాకా వచ్చింది. "తొమ్మిది. పొయ్యి దగ్గర వెచ్చగా ఉన్న బల్లని ఇంత చలిలోకి ఎందుకు లాక్కొచ్చారు?"

అతను కోటు కాలరు సర్దుకున్నాడు. ఈసారి జవాబుకి అరగంట పడుతుందనుకుంది. పట్టలేదు.

"మీ మాటలు అక్కడికి సరిగ్గా వినిపించేవి కావు."

"ఎప్పుడు జరిపేవారు?"

"పొద్దున్నే, మీరు రాకముందు. అర పలక చొప్పున. కానీ నేను అర పలక దగ్గరికి వచ్చినప్పుడల్లా మీరు అటువైపు జరిగేవారు. మొదట్లో పట్టించుకోలేదు. చలికాలమంతా అలాగే. నేను దగ్గరికి రావడం మీకు ఇష్టం లేదని అర్థమైంది. అందుకే ఉత్తరాదికి పంపిస్తామంటే సరేనన్నాను."

ఆమె స్కేలు అతని బల్ల మీద పడేసింది. "నేను వెలుతురు కోసం జరిగానండీ మహానుభావా. చలికాలం. నాలుగింటికే చీకటి పడేది. వెంట్రుకంత గీతలు గీయాలి."

"వెలుతురు కోసమా?"

"కాకపోతే? నేనేమో మీరు ఎనిమిది నెలల్లో ఒక్క పలక కూడా దగ్గరికి రాలేదని రోజూ లెక్కపెట్టుకుని ఏడుస్తున్నాను."

"రోజూ లెక్కపెట్టారా?"

"అది కాదు ఇప్పుడు విషయం."

"నాకు అదే విషయం," అన్నాడతను, నెమ్మదిగా. నవ్వు కళ్ళ దగ్గర మొదలై మొహమంతా పాకడానికి చాలాసేపు పట్టింది. ఆమె ఆ సేపంతా నిలబడి చూసింది. ఎక్కడికీ వెళ్ళాలనిపించలేదు.

ఆయమ్మ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "కిటికీ ఇంకొక్క పలకే ఉంది. ఆ తరవాత ఎక్కడికి జరుపుతారో జరపండి," అని బకెట్టు తీసుకుని, తుడవకుండానే వెళ్ళిపోయింది.

"ఉండిపోతారా?" అని అడిగాడు. అని, గొంతు సవరించుకున్నాడు. "ఉండిపో. నువ్వు లేకపోతే నేను ఏ రాయి మీద కూర్చున్నానో కూడా నాకు తెలియదు."

ఆమె ఉత్తరాన్ని ముందుకు లాక్కుంది. ఇంకుతో దిద్దిన మొదటి అక్షరాన్ని రబ్బరుతో చెరపలేం. అందుకని దాని మీద అడ్డంగా ఒక్క గీత కొట్టి, కింద 'ఇక్కడే ఉంటాను' అని రాసి, గడియారం చూసింది. నాలుగు కొట్టడానికి పది నిమిషాలుంది. పరుగెత్తుకెళ్ళి ఇచ్చి వచ్చింది.

"వచ్చే శుక్రవారం మీ అన్నయ్యగారితో మాట్లాడతాను," అన్నాడతను.

"వచ్చే శుక్రవారమా? పంతొమ్మిది మీటర్లు నడవడానికి ఏడాది పట్టే నది నయం. ఇవాళే. గొడుగు తీసుకోండి."

గొడుగు ఒకటే. వాన అటూ ఇటూ కొడుతోంది. ఆమె ముందుకు ముందుకు పోతుంటే, అతను గొడుగుని ఆమె మీద పట్టుకుని వెనక తడుస్తూ వచ్చాడు. ఇల్లు చేరేసరికి అతని ఎడమ భుజం, జేబులో ఉన్న పుస్తకం పూర్తిగా తడిసిపోయాయి.

వదిన తలుపు తీసి, ముందు అతన్ని కింది నుంచి పైకి చూసింది. చాలాసేపు పట్టింది, మనిషి పొడుగు కదా.

"ఇతనేనా?" అంది.

"ఇతనే."

"కదలడన్నావు?"

"కదిలాడు వదినా. నేనే తప్పు కొలిచాను."

అన్నయ్య భూతద్దం కంటికి ఉండగానే లోపలినుంచి వచ్చాడు. చెల్లెలి మొహమూ, ఆ కుర్రాడి తడి భుజమూ చూసి, అడగాల్సినవి రేపు అడగొచ్చన్నట్టు భార్య వంక చూసి, తువ్వాలు తేవడానికి లోపలికి వెళ్ళబోయి ఆగాడు. "అన్నయ్యని నేను. నేను అడగాలి కదా ఏదైనా," అని తనలో తనే అనుకుని, "గడియారం ఉందా బాబూ నీకు?" అని అడిగాడు.

"ఉందండీ. మంచులో ఆగిపోయింది."

"ఇలా ఇవ్వు," అన్నాడు అన్నయ్య, సంతోషంగా.

వదిన టీ పెడుతూ వంటింట్లోంచి పిలిచింది. "కూర్చోండి బాబూ. అయ్యో, ఆ గోడ పక్క కుర్చీలోనా? అంత దూరంలో ఉంటే ఎలా, కాస్త ముందుకి జరగండి."

అతను బొంగరం వంక చూశాడు. ఆమె నవ్వాపుకోవడానికి కిటికీ వైపు తిరిగింది, కానీ కూర్చున్న చోటి నుంచి లేవలేదు.

ఈసారి అతను జరగలేదు. లేచి, కుర్చీని రెండు చేతులా పైకెత్తి, గది దాటి తెచ్చి, ఆమె పక్కన పెట్టుకుని కూర్చున్నాడు.